మిర్చి కల్లంలో సగం సగం చదివిన నవల

మా బడికీ రామ్‌చందర్ మిర్చి కల్లానికీ మధ్య ఉన్నది ఒక ముళ్లకంచె మాత్రమే. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా కిటికీలు మూస్తే ఉక్క, తెరిస్తే తుమ్ములు. ఒకటో తరగతి వాళ్లు ‘అమ్మ’ అనడానికి మధ్యలో రెండుసార్లు ఆగేవారు. ఒకసారి తనిఖీకి వచ్చిన పెద్దసారు హాజరుపట్టీ మీదే తుమ్మి, "బాగుంది, బాగుంది" అంటూ పది నిమిషాల్లో జీపెక్కాడు. బడికి కల్లం వల్ల జరిగిన మేలు అదొక్కటే. నాకు జరిగిన మేలు వేరు. బాలి నాకు ఆ కంచె మీదుగానే పరిచయం.

ఎండిన మిర్చిలోంచి తెల్లమచ్చ పడ్డ తాలుకాయలు ఏరి పక్కన పెట్టాలి. పొద్దున ఎనిమిదింటికి పన్నెండు మంది ఆడవాళ్లు కుప్ప చుట్టూ కూర్చుంటే పొద్దుగూకే దాకా అదే పని. అంతసేపు ఊరికే కూర్చుంటే ఒకరి కోడలి సంగతి ఇంకొకరి నోట్లో పడి తగాదాలవుతాయని తండాలో ఎప్పటినుంచో ఒక పద్ధతి పెట్టుకున్నారు. పదమూడో మనిషి చదవాలి, ఈ పన్నెండు మందీ వినాలి. తమలో తాము లంబాడీలోనే మాట్లాడుకుంటారు కానీ, కథ మాత్రం తెలుగులో ఉండాలి. చదివే మనిషికి పందిరి కింద నులకమంచం. ఆమె వంతు తాలు మిగతావాళ్లు తలా కొంత ఏరిపెడతారు. పన్నెండు జతల చేతులు భగభగమంటుంటే ఆ రెండు చేతులకు మాత్రం కారం అంటదు.

ఆ మంచం పదకొండేళ్లుగా బాలిది. వయసు యాభైకి ఒకటి అటో ఇటో. ఏడో తరగతి చదివి తండాకు కోడలిగా వచ్చింది. భర్త లాలు ట్రాక్టర్ నడుపుతాడు. మంచివాడే గానీ వినడు. "ఇంట్ల నేను మూడు మాటలు చెప్తే నాలుగో మాటకు బయటికి పోతడు సారూ. గీ కల్లంల పన్నెండు మంది కదలకుండ వింటరు," అని ఒకసారి కంచె దగ్గర నిలబడి నాతో అన్నది. ఆ ఒక్క మాటలో ఆ మంచం ఆమెకు ఏమిటో నాకు తెలిసిపోయింది.

చదవడం కూడా అలా ఇలా చదివేది కాదు. అత్తగారు మాట్లాడితే ముక్కుతో, పోలీసు మాట్లాడితే మంచం పట్టె మీద గుద్ది, ప్రేమలేఖ వస్తే పక్కకు తిరిగి. ఏడుపు సీను రాబోతుంటే ముందు చెంబెత్తి నీళ్లు తాగేది. చెంబు లేవగానే వినేవాళ్లంతా కొంగులు సర్దుకునేవారు. అందరికంటే ముందు సర్దుకునేది సక్రి. డెబ్బై దాటిన ముసలమ్మ. తండా మొత్తం ఆమెను సక్రియాడి అంటుంది, యాడి అంటే వాళ్ల భాషలో అమ్మ. చదువు రాదు కానీ కథలో ఎక్కడ ఏమి తప్పిపోయినా పట్టేస్తుంది. కల్లానికి ఆమే జడ్జి.

బాలికి ఆ మంచం ఊరికే రాలేదు. అంతకుముందు చదివింది చాంది. హాస్టల్లో ఉండి చదువుకున్న మనిషి, నెమ్మదస్తురాలు. ఒక ఏడు చాందికి కళ్లద్దాలు వచ్చాయి. మొదటిరోజు అవి పెట్టుకుని మంచమెక్కగానే బాలి కుప్ప దగ్గర నుంచి గట్టిగా అన్నదట: "కండ్లద్దాలోళ్లకు కల్లంల ఏం పని? ఆఫీసుల కూసోరాదు!" పన్నెండు మందీ నవ్వారు. సక్రి కూడా నవ్వింది. చాంది దిగి కుప్ప దగ్గర కూర్చుంది. ఆనాటి నుంచి అద్దాలు పెట్టుకునే తాలు ఏరుతోంది. బాలి మంచమెక్కి చదువుతోంది.

ఇప్పుడు 2009లో బాలికి కళ్లు ఆనడం మానేశాయి.

నేను కంచె ఇవతలి నుంచి చూస్తూనే ఉన్నాను. వారపత్రికను ముందు మూరెడు దూరం పట్టుకునేది. శివరాత్రి దాటేసరికి చెయ్యి మొత్తం చాచింది. ఆపైన చెయ్యి చాలలేదు. "గీ పత్రికోళ్లు సిరా దొంగిలిస్తున్నరు సారూ, అక్షరాలు చీమ కాళ్లంత గొడుతున్నరు," అని నాకు ఫిర్యాదు చేసింది. చదువుతూ చదువుతూ తడబడితే సక్రి నెత్తి కొట్టుకునేది. ఒకరోజు, "అద్దాలు పెట్టుకోరాదే," అని ఎవరో మామూలుగానే అన్నారు. బాలి ముఖం ఎండుమిర్చిలా ముడుచుకుపోయింది. అద్దాలు పెట్టుకుంటే ఆ పదకొండేళ్ల నాటి మాట తిరిగొచ్చి తన నెత్తిన పడుతుంది. పెట్టుకోకపోతే చదవలేదు. రెండు విధాలా మంచం పోతుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే నా దగ్గరికి చదివే పలక ఒకటి వచ్చింది, తెర మీద పుస్తకాలు చదువుకునే కరెంటు పలక.

బెన్నీ మా తోడల్లుడు. హైదరాబాదులో కంప్యూటర్ కంపెనీలో పని. ఏ కొత్త సామాను దిగినా ముందు కొంటాడు, మూడు నెలలకు మొహం మొత్తి మాకు ఇస్తాడు. ఖమ్మం ఖానాపురం హవేలిలో మా ఇల్లు అతని విసుగుకు గోదాములాంటిది. ఈసారి పలక ఇచ్చాడు. "అన్నా, రెండు వందల పుస్తకాలు పడతాయి ఇందులో," అన్నాడు. నేను ఉప్పొంగిపోయి మండలం మీటింగుకు పట్టుకెళ్లి, నలభై మంది టీచర్ల ముందు తెలుగు కథ ఒకటి తెరిచాను. అక్షరాలు రాలేదు. తెర నిండా చిన్న చిన్న గళ్లు. వెనక నుంచి ఒకాయన, "పదవినోదమా జయరాజ్ సారూ? అడ్డం ఒకటి ఏంది?" అన్నాడు. ఆ పూటంతా నా పేరు అడ్డం ఒకటి.

తెలుగు అక్షరాలు దానికి రావని బెన్నీ తర్వాత చల్లగా చెప్పాడు. దానికి మందు కూడా అతనే చెప్పాడు. పాత పుస్తకాలను పేజీ పేజీ ఫొటో తీసి ఎవరో కంప్యూటర్లో పెట్టారట. ఫొటోలే కాబట్టి గళ్లు పడవు. అలా ఒక అరవై పాత నవలలు అందులో ఎక్కించాడు. ఫొటో తీసిన మహానుభావుడి బొటనవేలు ప్రతి పదో పేజీలో ఉంటుంది, అది వేరే సంగతి.

అబద్ధమెందుకు, దాంతో సుఖమూ ఉంది. వారం వారం ఖమ్మం నుంచి బడి దగ్గరి సారపాకకు బస్సులో మూడు గంటలు. పేపరైతే పక్కసీటాయన సగం లాక్కుంటాడు, పలకను సగం లాక్కోలేడు. పడుకుని చదివితే చేతులు నొప్పి పుట్టవు. ఎండలో చదివితే సెల్‌ఫోన్‌లా మసకబారదు, ఇంకా తేటగా కనిపిస్తుంది. ఇక బాధలంటారా, పేజీ మారినప్పుడల్లా తెర ఒక్కసారి నల్లబడి తెల్లబడుతుంది. పుస్తకంలో ఎంత దూరం వచ్చామో చేతికి తెలియదు, అడుగున ఏదో అంకె చూసుకోవాలి. ఎవరైనా పుస్తకం అప్పడిగితే అరవైకి అరవై నవలలూ కలిపి ఇవ్వాలి. ముచ్చటైన వాక్యం కింద గీత గీద్దామని పెన్ను తీసి, తెరకు తాకబోతూ ఆగింది నాకు తెలిసే మూడుసార్లు.

అక్షరాలను పెద్దవి చేసే మీట ఒకటుంది దానికి. నొక్కితే ఆవగింజంత అక్షరం రేగుపండంత అవుతుంది. ఆ మీట చూసినప్పుడు నాకు బాలి గుర్తొచ్చింది. దయతోనే ఇచ్చానని చెప్పుకోవచ్చు. ఆ పలక మీద కొంచెం కోపంతో కూడా ఇచ్చాను.

బడి అరుగు మీద కూర్చోబెట్టి మీటలు నేర్పాను. రేగుపండంత అక్షరాలు చూసి ఆమె కళ్లు మెరిశాయి. వెంటనే అనుమానమొచ్చింది.

"సారూ, గిది అద్దాల కిందికి వస్తదా?"

"రాదు. ఇది పుస్తకం."

"ఒట్టు?"

"ఒట్టు."

"అయితే మంచిది," అని కొంగులో చుట్టుకుని పోయింది.

ఆమెకు తెరిచిచ్చిన నవల పేరు ‘జమీందారుగారి తాళంగుత్తి’. కొత్త కోడలు సుభాషిణి కాపురానికి వచ్చిన రోజే ఖజానా తాళంగుత్తి మాయమవుతుంది. అందరూ కోడలినే అనుమానిస్తారు. రెండు వందల ఇరవై పేజీలు. నేను చదివేశాను గనుక నాకు తెలుసు, గుత్తి దాచింది జమీందారే, ఇంట్లో ఎవరి బుద్ధి ఏమిటో చూద్దామని. అది ఆఖరి పేజీ దాకా తెలియదు.

సోమవారం పొద్దున పిల్లలకు కూడికలు ఇచ్చి కంచె దగ్గరికి పోయి నిలబడ్డాను. పలక చూసి కల్లమంతా పండగ. గాలికి పేజీ ఎగరదు. మిర్చి దుమ్ము పడితే కొంగుతో తుడిస్తే పోతుంది. అన్నిటికంటే పెద్ద సుఖం సక్రి చెప్పింది: "నాలికె మీద వేలు తడుపుకొని కారం దుమ్ము పడ్డ పేజీ తిప్పే పని లేదు. చాంది చదివేటప్పుడు ఎన్నిసార్లు నాలికె కాల్చుకున్నదో!" చాంది తలెత్తలేదు.

బాలి గొంతు సవరించుకుంది. "సుభాషిణి గడప దాటి లోపలికి అడుగు..." అని ఆగింది.

"అడుగు?" అన్నది సక్రి.

"ఉండు యాడీ, మిగతాది పక్కకున్నది."

అసలు కష్టం అక్కడుంది. అక్షరం పెద్దదైతే తెర పెద్దది కాదు కదా. వరుసలో సగమే కనిపిస్తుంది. మిగతా సగం కోసం కుడివైపు మీట నొక్కాలి. అప్పుడు తెర నల్లబడి తెల్లబడుతుంది. ఆ సగం చదివాక, రెండో వరుస మొదటి సగం కోసం మళ్లీ ఎడమ మీట. మళ్లీ నలుపు, తెలుపు.

"...పెట్టగానే అత్తగారు," అన్నది బాలి. మీట. నలుపు. తెలుపు.

"గిదేందే, ఊకె కన్ను గొడుతది?" అని ఒకామె అడిగింది. అందరూ ఘొల్లుమన్నారు.

"అత్తగారు?" సక్రి అడిగింది.

"వస్తున్న వస్తున్న. ‘ఎవరివమ్మా’ అని..."

"ఎద్దు నీళ్లు తాగినట్టు చదువుతున్నవేందే! గుటకకు ఒక మాట. సుభాషిణి లోపలికి వచ్చేసరికి నేను సచ్చిపోత."

మధ్యాహ్నానికి కొత్త ఆట మొదలైంది. బాలి మీట నొక్కేలోపు మిగతా సగం ఏమై ఉంటుందో పన్నెండు మందీ ఊహించడం. "అత్తగారు కోపంగా..." అని బాలి ఆగితే, "కొట్టింది!" అని ఒకరు, "చీపురు ఎత్తింది!" అని ఒకరు, "తలుపేసింది!" అని ఒకరు. తెర తెల్లబడి "...చూసింది" అని వస్తే అందరికీ నిరాశ. మా బడి పిల్లలు కూడా కూడికలు మానేసి కంచె ఇవతలి నుంచి అరవడం మొదలుపెట్టారు. ఎక్కాలకు ఇంత ఉత్సాహం వాళ్లలో నేనెప్పుడూ చూడలేదు.

ఊహల్లో పడి చేతులు దారి తప్పాయి. మంగళవారం రామ్‌చందర్ వచ్చి మంచి కుప్పలో చెయ్యి పెట్టి గుప్పెడు తీస్తే అందులో అయిదు తాలుకాయలు. నెత్తి మీద రుమాలు తీసి నేలకు కొట్టాడు.

"ఏందిది బాలక్కా? పదకొండేండ్ల సంది చదువుతున్నవ్, ఎన్నడన్న గిట్ల అయిందా? గా పలక తెచ్చినకాడి నుంచి నా మిర్చి ఆగమైతున్నది. ఖమ్మం యార్డుల నా పేరు పోతది."

"నేను చదువుతున్న గద అన్నా!"

"చదువుతున్నవా, పరేషాన్ చేస్తున్నవా? జల్దీ చదువు. లేకుంటే బంద్ పెట్టు. చాందక్కనన్న చదవమను."

చాంది పేరు వినగానే బాలి మెడ నిటారుగా అయింది.

బుధవారం నుంచి కుడి మీట నొక్కడం మానేసింది. ఇది నాకు తర్వాత తెలిసింది. ఎడమ సగం చదివి, కుడి సగం తనే చెప్పేస్తోంది. తప్పేముంది, పదకొండేళ్లు కథలు చదివిన మనిషి. అత్తగారు కోపంగా ఏం చేస్తుందో ఆమెకు తెలియదా? కల్లం మళ్లీ నిశ్శబ్దమైంది. కథ పరుగెత్తింది. రామ్‌చందర్ కుప్పలో చెయ్యి పెట్టి చూసి, తల ఊపి పోయాడు. కంచె ఇవతల నేను మురిసిపోయి, గురువారం మూడు రోజుల ట్రైనింగుకు ఖమ్మం వెళ్లాను. పలకను ఆమె దగ్గరే ఉంచాను. చార్జరు మాత్రం నా సంచిలో ఉండిపోయింది.

కావాలని కాదు. ఏడువేల సార్లు పేజీ తిప్పినా చార్జింగ్ దిగదని బెన్నీ చెప్పాడు. పేజీకి అరవై సార్లు మీట నొక్కే పాఠకురాలిని దాన్ని తయారుచేసినవాడు ఊహించి ఉండడు. సోమ, మంగళవారాల్లోనే అది సగం ప్రాణం వదిలింది. గురువారం సాయంత్రానికి పూర్తిగా పోయింది. పోవడంలో ఆ పలకకు ఒక విచిత్రమైన గుణముంది. సెల్‌ఫోన్‌లా నల్లగా ఆరిపోదు. ఆఖరుగా ఏ పేజీ ఉందో అదే పేజీతో అలా నిలిచిపోతుంది. చూస్తే బతికే ఉన్నట్టుంటుంది. ఏ మీట నొక్కినా ఉలకదు, పలకదు.

అది శుక్రవారం పొద్దున మంచం మీద కూర్చున్నాక బాలికి తెలిసింది. ముందు పన్నెండు మంది. పక్కన రామ్‌చందర్. కుప్ప అవతల అద్దాలతో చాంది. బాలి ఏం చేయాలి? గొంతు సవరించుకుంది.

నేను సోమవారం మధ్యాహ్నం బడిలో పిల్లల అన్నాలవేళ కల్లంలోకి పోయేసరికి సక్రి కళ్లు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి.

"ఏమైంది యాడీ?"

"ఏమైతది సారూ, జమీందారు పోయిండు. పాలల్ల మందు కలిపిన్రు. శనివారం పోయిండు. నాకు రెండు దినాల సంది బువ్వ సయిస్తలేదు."

ఆ నవలలో జమీందారు ఆఖరి పేజీలో మనవడికి పేరు పెడతాడు. పైగా గుత్తి దాచిందే ఆయన. దాచినవాణ్ణే చంపేస్తే గుత్తి దొరికేది ఎట్లా? బాలి వైపు చూశాను. పలక మీదుగా ఆమె కూడా నా వైపు చూసింది. హోంవర్కు చేయకుండా పలక మీద నీళ్లు చల్లుకొచ్చిన పిల్లలు ఒకటో తరగతిలో నన్ను అలాగే చూస్తారు.

"నువ్వు చదివినవ్ గద సారూ," అన్నది సక్రి. "పాలల్ల మందు కలిపింది ఎవరో చెప్పకు. పాపం, జమీందారు నిజంగనే పోయిండా?"

పన్నెండు మంది చేతులు ఆగాయి. ఇరవై రెండేళ్లుగా పిల్లలకు నిజమే చెప్పాలని పాఠం చెబుతున్నవాణ్ణి.

"ఒక రకంగా... పోయినట్టే యాడీ," అన్నాను.

బాలి ఊపిరి వదిలింది. నేను కూర్చోవడానికి చోటు వెతుక్కున్నాను. ఆమె చదువుతోంది, కానీ బొటనవేలు మీట మీద లేదు. తెర కన్ను కొట్టడం లేదు. కథ మాత్రం కట్టతెగిన వాగులా పారుతోంది. నవలలో లేని దివాను, లేని గుర్రబ్బండి, లేని పాము. నిజం చెప్పొద్దూ, అసలు నవల కంటే బాగుంది.

"గుత్తి ఎవరు ఎత్తుకపోయిన్రో ఇయ్యాల చెప్పాలె," అన్నది సక్రి. "వారం సంది ఊరిస్తున్నవ్."

దొంగ కావాలి. బాలి ఒక్క క్షణం ఆగింది. కుప్ప వైపు చూసింది. పదకొండేళ్ల భయం అప్పుడు ఆమె నోటి నుంచి పాత్ర అయి బయటికొచ్చింది.

"అప్పుడు సుభాషిణి తలుపు చాటున చూసేసరికి, గుత్తి నడుముకు చెక్కుకొని పోతున్నది ఎవరు? ఇంట్ల పనిచేసే ముసలి దాది! మూతి ముడుచుకొని, ఎవరితోటి మాట్లాడని, కండ్లద్దాల దాది!"

కల్లంలో ఎవరూ నవ్వలేదు. చాంది చేతిలో ఉన్న కాయ పక్కన పెట్టింది. అద్దాలు తీసింది. కొంగు లోపలి అంచుతో తుడిచింది. పెట్టుకుంది. లేచి మంచం దగ్గరికి వచ్చింది.

"ఏ పేజీల ఉన్నది బాలీ గది?"

"గిదే... గీ పేజీలనే."

"గీ పేజీలనా? శుక్రవారం సంది గీ మూలకు ఒక బొటనవేలున్నది. ఇయ్యాల గూడ ఉన్నది. నువ్వు ఒళ్లె పెట్టుకున్నప్పుడల్లా నాకు కుప్పకాడికే కనపడుతున్నది. అద్దాలున్నయ్ గద."

"మరి శుక్రవారమే ఎందుకు చెప్పలే?" సక్రి అరిచింది.

"కథ మంచిగున్నది గద అని ఊకున్న," అన్నది చాంది. "నన్ను దొంగను చేస్తదని తెల్వక."

బాలి పలకను ఒళ్లో పడేసింది. ఏడుస్తుందనుకున్నాను. ఆమెకు మండిపోయింది.

"అవ్! పేజీ తిరుగుతలేదు! సచ్చింది గా పలక! అంతకుముందుగూడ సగమే కనపడుతది. సగం చదివి సగం నోటికొచ్చింది చెప్తున్న. ఏం చెయ్యమంటరు? సిన్న అక్షరం కనపడదు, పెద్ద అక్షరం పట్టదు. ఆపితే సక్రియాడి తిడుతది, ఆలస్యమైతే రామ్‌చందరన్న తిడుతడు. నాకు కండ్లు ఆనుతలేవు! ఇగ చాలా?"

సక్రి చేతిలోని కాయలు వదిలేసి అడిగింది:

"అయితే జమీందారు బతికే ఉన్నడా?"

"ఉన్నడు."

"మరి నా రెండు దినాల ఏడుపు?" అని నా వైపు తిరిగింది. "సారూ! నువ్వుగూడ ఒక రకంగ పోయిండన్నవ్! ఒక రకంగ పోవుడు ఏంది? పిల్లలకు గిట్లనే చెప్తవా?"

నేను చెప్పుల కోసం చూసుకున్నాను. ఒక చెప్పు మంచం కింద ఉంది. దాన్ని తీయాలంటే బాలి కాళ్ల దగ్గర వంగాలి. వంగాను.

ఆ మధ్యాహ్నం పలకను బడికి తెచ్చి చార్జింగులో పెట్టాను. కరెంటు రెండుసార్లు పోయింది, మూడోసారి నిలిచింది. ప్రాణం రాగానే చాంది చేతికిచ్చి చూపించాను. అక్షరాలు పెంచే పని లేకుండా పేజీ మొత్తం తెర మీద పట్టేలా పెట్టాను. ఆవగింజంత అక్షరాలు. చాంది అద్దాల్లోంచి చూసి ఒక పేజీ గడగడా చదివింది. వరుస వరుస మొత్తం. పేజీకి ఒక్కసారే తెర కన్ను కొట్టింది. ఆ పలకకు కావలసింది అద్దాలున్న మనిషి అని నాకు అప్పుడు తెలిసింది. అద్దాలు వద్దనుకున్న మనిషికి దాన్ని ఇచ్చిన తెలివి మాత్రం నాదే.

మంగళవారం చాంది మంచమెక్కింది, పదకొండేళ్ల తర్వాత. మొదటి పేజీ నుంచి మొదలుపెట్టింది; ఈసారి మోసపోనని సక్రి ప్రతి పేజీనీ నాలుగేసి సార్లు చదివించుకుంటుంటే రోజుకు పది పేజీలు దాటలేదు. బాలి కుప్ప దగ్గర కూర్చుంది. ఎవరూ పొమ్మనలేదు, రమ్మనలేదు. తన వంతుతో పాటు చాంది వంతు కూడా కొంత ఏరింది. సాయంత్రానికి చేతులు మండి, మజ్జిగ గిన్నెలో ముంచుకుని కంచె దగ్గరికి వచ్చింది.

"సారూ, చాంది చదువుడు విన్నవా? జమీందారు మాట్లాడినా దాది మాట్లాడినా ఒకటే గొంతు. పిండిగిర్ని లెక్క. ఏడుపు కాడ ఆగుతనే లేదు. నీళ్లన్న తాగాలె గద!"

"చెప్పకపోయావా?"

"ఏ ముఖం పెట్టుకొని చెప్పాలె?" మజ్జిగలో వేళ్లు ఆడించింది. "భద్రాచలం బస్సు ఎన్ని గంటలకు?"

శనివారం నేను ఖమ్మం పోవడం మానుకుని తోడు వెళ్లాను. అద్దాల దుకాణంలో చేతికిచ్చిన అక్షరాల అట్ట చదవమంటే కింది నాలుగు వరుసలు కనబడలేదు గానీ ఊరుకోలేదు. ఆ నాలుగూ తోచినట్టు చెప్పేసింది. "అమ్మా, అక్కడ ఉన్నవి చెప్పండి," అన్నాడు డాక్టరు. "అలవాటైంది సారూ," అన్నది బాలి. ఫ్రేము ఏరడానికి గంట పట్టింది. చాంది అద్దాల్లా గుండ్రంగా ఉండొద్దు, నల్లగా ఉండొద్దు, దూరం నుంచి కనపడొద్దు. అటువంటిది లేదని చెప్పి చెప్పి దుకాణంవాడు ఎండలో బయటికి పోయి నిలబడ్డాడు.

సోమవారం అద్దాలతో కల్లంలోకి అడుగుపెట్టింది. కంచె దగ్గర నేను. కుప్ప దగ్గర చేతులన్నీ ఆగాయి. ఎవరు ముందు అంటారా అని చూస్తున్నాను. సక్రి నోరు తెరిచింది, మూసింది. చాంది పలక మీదుగా చూసి, "మంచిగున్నయ్," అని మళ్లీ చదవడం మొదలుపెట్టింది. అంతకంటే పెద్ద మాట అనే హక్కున్న మనిషి అంతే అన్నది.

బాలి మంచం పక్కకు పోయి నిలబడింది. చాంది జరగలేదు.

"చాందక్కా, నేను జర చదవాల్నా? నీ గొంతు ఎండుకపోతది."

"నా గొంతుకేం గాలే. గీ పుస్తకం అయిపోయేదాక నేనే. పోయి కూసో."

"అవ్, కూసో," అన్నది సక్రి. "జమీందారు ఈసారి ఎట్ల సస్తడో చూడాలె."

"సావడు యాడీ," అన్నాను కంచె మీదుగా.

"నువ్వు ఊకో సారూ! నీ మాటలు నేను నమ్మ."

బాలి వచ్చి కుప్ప దగ్గర కూర్చుంది. కొత్త అద్దాల్లోంచి ఒక కాయను దగ్గరగా పట్టుకుని చూసింది. మచ్చ కనిపించినట్టుంది, పక్కన వేసింది. కాసేపయ్యాక కంచె వైపు జరిగి, పళ్ల బిగువున మెల్లగా అడిగింది.

"సారూ, పుస్తకమైతే ఎంత మిగిలిందో మందం చూస్తే తెలుస్తుండె. గీ పలకల ఎట్ల తెలుస్తది?"

"అడుగున అంకె ఉంటుంది."

"ఎంతున్నది?"

కంచె చుట్టి పోయి, మంచం వెనక నుంచి తొంగి చూసి వచ్చాను. "నలభై ఎనిమిది. మొత్తం రెండు వందల ఇరవై."

"ఇంకా నూట డెబ్బైయా!" అని బాలి ఇంకో గంప తన ముందుకు లాక్కుంది. మంచం మీద చాంది, ఏడుపు సీను దగ్గర ఆగకుండా, నీళ్లు తాగకుండా, పిండిగిర్నిలా చదువుకుంటూ పోతోంది.